మామగారి పుస్తకాలు, పిల్లవాడి గది

ప్రశ్న: మా మామగారు తెనాలిలో హైస్కూలు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. అక్కడి ఇల్లు అమ్మేయడంతో దాదాపు రెండు వేల పుస్తకాలు అట్టపెట్టెల్లో విజయవాడలోని మా ఫ్లాటుకు చేరాయి. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి గది వాటితోనే నిండిపోయి, వాడు హాల్లో చదువుకుంటున్నాడు. మాతోనే ఉంటున్న అత్తగారికి ఆయాసం, దుమ్ము పడదు. ఒక పెట్టెకు చెద కూడా పట్టింది. కొన్నయినా తీసేద్దామంటే మావారు "నాన్న పుస్తకాల జోలికి వెళ్లొద్దు" అని కసురుతారు. తానుగా మాత్రం ఇంతవరకు ఒక్క పెట్టె విప్పలేదు. అమెరికాలో ఉన్న ఆడపడుచు "నాన్న పుస్తకాలు తూకానికి వేసేస్తావా వదినా?" అని ఫోనులో ఏడ్చింది. నేనేమీ పుస్తకాలంటే గిట్టనిదాన్ని కాను. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీ ఇంట్లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. పుస్తకాలకు ఇంట్లో ఎంత చోటు ఇవ్వాలన్నది మొదటిది. ఆ చోటులో ఏ పుస్తకాలు ఉండాలన్నది రెండవది. మొదటిదాన్ని ఆ ఇంట్లో నివసించే అందరూ కలిసి తేల్చుకోవాలి, అందులో మీ మాటకూ మీ అబ్బాయి అవసరానికీ పూర్తి విలువ ఉంది. రెండవది మాత్రం ఆయనను పోగొట్టుకున్న భార్యకూ పిల్లలకూ సంబంధించినది. మీవారు ఒకే ఒక్క "వద్దు"తో రెండింటికీ జవాబు చెబుతున్నారు. మీరు కూడా "కొన్ని తీసేద్దాం" అన్న ఒకే మాటతో రెండింటినీ కలిపే అడుగుతున్నారు. చోటు విషయంలో గట్టిగా నిలబడి, ఎంపిక విషయంలో పూర్తిగా పక్కకు తప్పుకోగలిగితే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

మీవారు పెట్టెలు విప్పకపోవడాన్ని బద్ధకంగా భావించకండి. తెలుగు మాస్టారి పుస్తకాలు అచ్చయినవి అచ్చయినట్టుగా ఉండవు. పద్యం పక్కన పెన్సిలుతో రాసుకున్న ప్రతిపదార్థం, లోపలి అట్ట మీద కొన్న తేదీ, ఊరు, సంతకం, పేజీ గుర్తుకు పెట్టుకున్న బస్సు టిక్కెట్టు, ఎప్పుడో ఒక శిష్యుడు రాసిన ఇన్‌లాండు ఉత్తరం, ఇవన్నీ ఉంటాయి. పెట్టె విప్పితే తండ్రి చేతిరాత కళ్ల ముందుకు వస్తుందని ఆయనకు తెలుసు. అందువల్ల "ఈ పనికిరాని పుస్తకాలు" అన్న మాట కోపంలో కూడా మీ నోట రాకూడదు. అది ఆయన చెవికి వేరొక అర్థంలో వినిపిస్తుంది.

మీ ఉత్తరం చదువుతుంటే ఒక విషయం ఆశ్చర్యం కలిగించింది. భర్త ఏమన్నారో రాశారు, ఆడపడుచు ఏమందో రాశారు. అత్తగారి గురించి మాత్రం ఆయాసం తప్ప మరేమీ లేదు. ఆ పుస్తకాలతో ఒకే కప్పు కింద అందరికన్నా ఎక్కువ కాలం కాపురం చేసింది ఆవిడే. జీతం రాళ్లలోంచి ఏ పుస్తకానికి ఎంత పోయిందో, ఆయన ఏది ఎవరికీ అరువివ్వలేదో, ఏది ఎవరో అంటగట్టి వెళ్లారో చెప్పగలిగింది బహుశా ఆవిడ ఒక్కరే. ఇంతవరకు ఆమెను ఎవరైనా అడిగారా? ఒక సాయంత్రం తీరికగా అడిగి చూడండి. "అవన్నీ మీ మామగారు ఎప్పుడూ చదివినవి కావమ్మా" అని ఆవిడే తేలిగ్గా అనేయవచ్చు, లేదా ఒక్క పుస్తకం పేరు చెప్పి అది తన మంచం పక్కన ఉంటే చాలనవచ్చు. భార్య చెప్పినప్పుడు ఒప్పుకోని కొడుకు తల్లి మాటకు తలవంచడం మన ఇళ్లలో కొత్త కాదు.

చెద పట్టిన పెట్టె మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు. దాన్ని ఈరోజే బాల్కనీలోకి మార్చి, మీవారిని ఎదురుగా ఉంచుకుని విప్పండి. మిగిలిన పెట్టెలను గోడకు జానెడు దూరం జరిపి, నేల మీద కాకుండా పలకల మీదో బల్ల మీదో పెట్టించండి. చెద ఎక్కువగా గోడ వెంబడి, నేల అంచు నుంచే పాకుతుంది. పుస్తకాలను ఎర్రటి ఎండలో గంటల తరబడి పరిస్తే కాగితం పెళుసెక్కుతుంది కనుక గాలి ఆడే నీడలో ఆరబెట్టి, మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి. ఆ సమయంలో అత్తగారు వేరే గదిలో ఉండాలి, తుడిచేవారు మాస్కు కట్టుకోవాలి. కలరా ఉండలు వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబుతారు. ఆయాసం ఉన్న మనిషి తిరిగే ఇంట్లో ఆ ఘాటు మంచిది కాదు.

ఇక చోటు సంగతి. సాధారణ తెలుగు నవల మందం రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మూడడుగుల అరలో 40 నుంచి 45 పుస్తకాలు, అయిదు అరల బీరువాలో దాదాపు 200 పడతాయి. అంటే మీ దగ్గరున్న వాటికి పది బీరువాలు కావాలి. ఏ ఫ్లాటులోనూ అంత గోడ ఉండదు. అటక మీదికి ఎక్కిద్దామన్న ఆలోచన కూడా వద్దు. సగటున ఒక్కొక్కటి మూడు వందల గ్రాములనుకున్నా మొత్తం ఆరు వందల కిలోలవుతుంది. హాల్లో రెండు బీరువాలకు చోటు చేయగలరేమో టేపు పట్టుకుని మీవారే కొలిచి చూడాలి. చేయగలిగితే "నాలుగు వందల పుస్తకాలు, ఏవన్నది మీ ఇష్టం" అన్న మాట "కొన్ని తీసేద్దాం" అన్న మాట కన్నా ఆయనకు ఎంతో సులువుగా మింగుడు పడుతుంది, ఎందుకంటే అప్పుడాయన తండ్రి పుస్తకాలను పారేస్తున్నట్టు కాక ఏరి దాస్తున్నట్టు అవుతుంది.

ఏరేటప్పుడు మాస్టారి చేతిరాత ఉన్నవాటికి మొదటి స్థానం ఇవ్వాలి. వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి బైండు చేయించుకునే అలవాటు ఆ తరంలో చాలామందికి ఉండేది. అట్ట మీద పేరు కూడా లేని అలాంటి బైండులను చిత్తు కాగితాలనుకోకండి, పుస్తకంగా రాని రచనలు వాటిలో దొరకవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో ప్రారంభించిన 'భారతి' సంచికలు, 1947లో మొదలైన 'చందమామ' తొలి ఏళ్ల సంచికలు ఉంటే ఇంట్లో ఉంచుకున్నా ఇతరులకు ఇచ్చినా విడదీయకుండా వరుసగా ఉంచాలి. పాత పాఠ్యపుస్తకాలు, గైడ్లు, ఏ ఏటికాయేడు వచ్చిన జనరల్ నాలెడ్జి పుస్తకాల విషయంలో ఎవరూ బాధపడనక్కరలేదు. పాత తెలుగు గ్రంథాలు వేల సంఖ్యలో స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. మీ అబ్బాయి చేత వెతికించి, అక్కడ ఉన్నదని చూపిస్తే మీవారికి చేయి వదలడం కొంత తేలికవుతుంది. బయటికి వెళ్లే ప్రతి పుస్తకాన్నీ ఒకసారి విదిలించి చూడటం మరిచిపోకండి. ఉత్తరాలే కాదు, ఎల్‌ఐసీ రసీదులు, ఇంటి కాగితాలు కూడా పుస్తకాల్లోనే దాచే మనుషులు ఉండేవారు.

ఇచ్చే చోటు మంచిదైతే ఇవ్వడం కష్టం కాదు. ఆయన పనిచేసిన పాఠశాలను మొదట అడగండి. ఆయన పేరుతో ఒక బీరువా పెట్టుకుంటామంటే పిల్లలు చదవదగినవన్నీ అక్కడికే పంపవచ్చు. పాత పత్రికలకు, అరుదైన గ్రంథాలకు వేటపాలెంలో 1918లో నెలకొన్న సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, మీ ఊళ్లోనే ఉన్న రామమోహన గ్రంథాలయం వంటివాటిని సంప్రదించవచ్చు. అయితే పెట్టెలు వ్యానులో వేసుకుని నేరుగా వెళ్లిపోకండి. గ్రంథాలయాలకూ చోటు కొరతే. తమ దగ్గర ఇప్పటికే ఉన్న ప్రతులు వారు తీసుకోకపోవచ్చు. పేర్ల జాబితా పంపి, వారు కోరినవే ఇవ్వండి.

మీ ఆడపడుచుకూ ఆ జాబితానే పంపండి. తనకు కావలసినవి ఎంచుకుని, తెప్పించుకునే ఖర్చు తనే పెట్టుకుంటానంటే ఆమె కోరినవి మొదట ఆమెకే దక్కాలి. నెల గడువులోగా ఎంచుకోకపోతే మిగిలినవాటి నిర్ణయం ఇక్కడివారిదని ముందే, అన్నగారి చేతనే చెప్పించండి. దూరాన ఉన్నవారి దుఃఖం నిజమే కానీ, ఆ దుమ్ముకు దగ్గుతున్నది ఆమె కాదు.

మీవారితో మాట్లాడేటప్పుడు పెట్టెల దగ్గర నిలబడి కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు, "నేను మీ నాన్నగారి పుస్తకం ఒక్కటి కూడా మీకు చెప్పకుండా కదపను, కానీ బాబు గది దసరాకల్లా ఖాళీ కావాలి" అని రెండు మాటలూ ఒకే వాక్యంలో చెప్పండి. వారానికి ఒక్క పెట్టె, అదీ ఆదివారం పూట, వీలైతే అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని పేర్లు వింటుండగా విప్పండి. అలా చేసినా ఆయన పెట్టె ముందు కూర్చోలేకపోతున్నా, నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటున్నా అది పుస్తకాల సమస్య కాదు; మానసిక నిపుణుణ్ణి కలవడానికి వెనుకాడవద్దు. అలాంటిదేమీ లేకుండా కేవలం ఇప్పుడు వద్దంటున్నారంటే, విప్పని పెట్టెలకు చెమ్మ తగలని చోటు బయట ఎక్కడైనా వెతికి, అద్దె కట్టి, అక్కడికి తరలించే బాధ్యత ఆయనే తీసుకోవాలి.