చెంబు ఎత్తి ఆగడం

మీ అక్క కొడుక్కి రెండున్నరేళ్లని, రెండు మూడు మాటలకు మించి రాలేదని, ఎదుగుదల ఆలస్యమని డాక్టర్లు చెప్పారని రాశారు. అక్కేమో పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటోంది, బాబుతో ఆమె చేత ఎలా మాట్లాడించాలి అని అడిగారు. చదువుతుంటే ఆరేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. మా పాపకు అప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. నెలలు నిండకుండా పుట్టింది. ఒక్క మాట లేదు, నడక కూడా అప్పుడప్పుడే. నేనేమో డిప్రెషన్‌లో ఉన్నాను.

అప్పట్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పింది ఒకటే. "పిల్లతో మాట్లాడమ్మా, మాట్లాడితేనే మాటలొస్తాయి." ఒక డాక్టరుగారైతే ఫైలు మూస్తూ, తల్లే నోరు విప్పకపోతే పిల్లకెక్కణ్ణుంచి వస్తాయి అనేశారు. ఆ రాత్రంతా నిద్ర లేదు. మాట్లాడాలని నాకు తెలియకా? మాట గొంతుదాకా వచ్చేది, బయటికి తెచ్చే ఓపికే ఉండేది కాదు. ఆ సలహా మాత్రం మీరు అక్కకు మళ్లీ ఇవ్వకండి చెల్లెమ్మా. బాబుకు ఆలస్యం తన వల్లే వచ్చిందని ఆమె ఇప్పటికే అనుకుంటూ ఉంటుంది.

ఇంకో సంగతి. మా అత్తయ్య మంచి మనసుతోనే పొద్దున్నే పాపను ఎత్తుకుని పక్కింటికి తీసుకెళ్లేవారు, నాకు విశ్రాంతి దొరుకుతుందని. తీరా చూస్తే అంట్లూ బట్టలూ నాకు మిగిలేవి, పాప నా దగ్గర లేకుండా పోయేది. సాయంత్రం తిరిగొచ్చాక అది నా వైపు చూసేది కూడా కాదు. అందుకే మీరు సాయం చేయాలనుకుంటే వంట చేయండి, బట్టలు ఆరేయండి, మందుల షాపుకు వెళ్లండి. రోజుకు పది నిమిషాలు బాబును అక్క దగ్గరే ఉండనివ్వండి, మీరు పక్కనే ఉంటూ.

ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో నాకు ఒక స్పీచ్ థెరపిస్టు నేర్పింది. పాపకు బొమ్మ ఇచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టి, నా ఫోన్లోనే రెండు నిమిషాలు వీడియో తీసింది. నేను మామూలుగానే ఊరికే కూర్చున్నాను. తర్వాత వీడియో పెట్టి ఒకచోట ఆపింది. పాప బొమ్మ వదిలేసి, తల కొంచెం తిప్పి, నా మోకాలి మీద వేలు పెట్టింది. అర సెకను కూడా ఉండదు. నేను కిటికీ వైపు చూస్తున్నాను. "చూశారా, పిలిచింది" అంది. తప్పు పట్టలేదు, అంతే అంది. నేను అక్కడే ఏడ్చేశాను. అది నన్ను పిలవగలదని ఆ రోజు దాకా నాకు తెలియదు.

ఇలాంటి పిల్లల పిలుపు చాలా సన్నగా ఉంటుంది. ఓ చూపు, ఓ వేలు, ఓ మూలుగు. డిప్రెషన్‌లో ఉన్న తల్లికి అది కనబడదు. రెండు మూడుసార్లు పిలిచి పలక్కపోతే పిల్ల కూడా మానేస్తుంది. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970లలోనే ఇది చూపించాడు. నవ్వుతూ ఆడుతున్న తల్లి కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటే, పసిబిడ్డ నవ్వి, చేతులు చాచి, అరిచి, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. ఆయన చెప్పిన రెండో మాట నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. హాయిగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా పిలుపు తరచూ తప్పిపోతూనే ఉంటుందట, మళ్లీ అందుకోవడమే ముఖ్యమట.

మా ఇంట్లో ఈ అందుకోవడం పాపకు నీళ్లు పోసేటప్పుడు మొదలైంది. ఎలాగూ రోజూ పోయాలి కదా, కొత్త పని కాదు. ఒక చెంబు పోసి, రెండోది ఎత్తి, "పోయనా?" అని ఆగేదాన్ని. మనసులో పది లెక్కపెట్టేదాన్ని. పాపకు విన్నది తలకెక్కి బదులు రావడానికి అంతసేపు పట్టేది. గలగలా మాట్లాడే మా ఆడపడుచు అంతసేపు ఆగలేకపోయేది, రెండు లెక్కపెట్టేలోపే ఇంకో పది మాటలు అనేసేది. నాకేమో మాట్లాడే శక్తి లేదు కాబట్టి ఆగడం తేలికైంది! మొదట్లో పాప చెంబు వైపు చూసేది. చూడగానే పోసేదాన్ని. కొన్ని వారాలకు చెయ్యి ఎత్తింది. మూడు నెలల తర్వాత ఓ సాయంత్రం "పో" అంది. నన్నే పొమ్మందని ఇంట్లో అందరూ నవ్వారు.

అయితే ఇదంతా నేను మందులు మొదలుపెట్టాకే కుదిరింది. అవి పని చేస్తున్నట్టు తెలియడానికి నాకు దాదాపు నెల పట్టింది. అక్క పాలిస్తుంటే ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి ఇష్టపడకపోతే ముందు 14416కు ఫోన్ చేయించండి. టెలీ మానస్ అంటారు, రోజంతా ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనుందని గానీ, బాబును ఏమైనా చేస్తానేమోనని భయంగా ఉందని గానీ అంటే మాత్రం నేను పైన రాసినవన్నీ పక్కన పెట్టి, ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బాబుకు వినికిడి పరీక్ష, అదే బెరా, చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే అదే ముందు. ఏ ఊరో కూడా రాయలేదు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, ఉందేమో అడగండి, ఇలాంటి పిల్లల కోసమే పెట్టినవి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఎన్ఐఈపీఐడీ ఉంది.

ఈసారి అక్క ఇంటికెళ్లినప్పుడు వంట మీరు చూసుకుని, బాబుకు నీళ్లు పోయడం అక్కకే వదిలేయండి. గుమ్మం దగ్గర నిలబడి ఒక నిమిషం వీడియో తీయండి, బాబు ఆమె వైపు చూసిన చోట ఆపి చూపించండి.