రొయ్యల గుంటలో జియోలైట్ ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: మాకు రెండు వెనామీ రొయ్యల గుంటలున్నాయి సార్. సెలినిటీ (నీటి ఉప్పదనం) 20 పీపీటీ, అంటే లీటరుకు 20 గ్రాముల ఉప్పు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లను ఖాళీ గుంటలోకి తోడి, బాగుచేసి మళ్లీ వాడుకుందామని ఉంచాను. మేత వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా తగ్గాలని జియోలైట్ (అమ్మోనియాను పట్టుకుంటుందని చల్లే ఖనిజ పొడి), షాపులో ఇచ్చిన బ్యాక్టీరియా పొడి చల్లాను. పెద్దగా తగ్గలేదు. పైగా ఇప్పుడు నైట్రైట్ కనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక రైతు, వాకాడు మండలం, తిరుపతి జిల్లా

జవాబు: నైట్రైట్ వచ్చిందని టెన్షన్ పడకండి. అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పని మొదలుపెట్టిందని దానర్థం. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే రెండో రకం ఆలస్యంగా పెరుగుతుంది, ఉప్పుకు ఇంకాస్త తొందరగా జంకుతుంది. దానికి కొన్ని వారాల టైమ్ ఇవ్వాలి. ఈలోగా బ్లీచింగ్ చల్లితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

జియోలైట్ మంచినీటి సరుకు. మీ నీటిలో లీటరుకు దాదాపు 6 గ్రాముల సోడియం ఉంటుంది, అమ్మోనియా ఉండేది మిల్లీగ్రాముల్లో. జియోలైట్ ఆ సోడియాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఇక కొనకండి. షాపు పొడుల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్. అది బురదలోని మేత వ్యర్థాలను తింటుంది కానీ, అమ్మోనియాను నైట్రైట్ చేసేది వేరే జాతి.

ఆ జాతి మీ గుంటల్లోనే ఉంది. నడుస్తున్న గుంటలో జిగురు పట్టిన పాత వల ముక్కలు, పైపులు తెచ్చి ఇందులో వేలాడదీయండి. తెల్లమచ్చ, ఈహెచ్‌పీ అనే రొయ్య జబ్బులు లేవని టెస్టులో తేలిన మీ సొంత గుంట నుంచే తేవాలి, పక్కవాళ్ల దగ్గర వద్దు. ఈ దశలో ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆపకండి. అమ్మోనియా రూపంలోని కిలో నత్రజని నైట్రేట్ కావడానికి 4.5 కిలోలకు పైగా ఆక్సిజన్, 7 కిలోల ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాపాడే క్షార గుణం, కాల్షియం కార్బనేట్ లెక్కన) ఖర్చవుతాయి. ఉప్పునీటిలో ఆక్సిజన్ కరగడమే తక్కువ. ఆల్కలినిటీ 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు) కంటే దిగితే సోడియం బైకార్బనేట్ వేయండి. గుల్ల సున్నం వేస్తే పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దగ్గరయ్యాక మిగిలేది నైట్రేట్. దాన్ని నత్రజని వాయువుగా గాలిలోకి పంపే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఉండకూడదు, తినడానికి కార్బన్ కావాలి. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి ఈ పని ఎక్కువగా రాత్రిళ్లు, అడుగు బురద దగ్గరే జరుగుతుంది. అందుకే ఈ దశలో సాయంత్రం ఏరియేటర్లు ఆపి మొలాసిస్ (చక్కెర మడ్డి) కలపండి. నైట్రేట్ రూపంలోని కిలో నత్రజనికి 5, 6 కిలోల మొలాసిస్ చాలు, అదీ రెండు మూడు విడతల్లో.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. నైట్రేట్ అయిపోయాక కూడా మొలాసిస్ పోస్తే, సముద్రపు నీటిలో పుష్కలంగా ఉండే సల్ఫేట్ మీద వేరే బ్యాక్టీరియా పడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన, అడుగున నల్లబురద. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ రొయ్యకు అమ్మోనియాను మించిన విషం. అందుకే రోజూ ఉదయం నైట్రేట్ కిట్‌తో చూడండి. బాగా తగ్గగానే మొలాసిస్ మానేసి, ఏరియేటర్లు తిప్పండి.

ఇక మేత. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే 5.6 కిలోల నత్రజని వేసినట్టే. అందులో రొయ్య ఒంటికి పట్టేది సుమారు నాలుగో వంతు. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మేత మిగులుతుంటే తర్వాతి పూట తగ్గించండి. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఆల్కలినిటీ, పీహెచ్ రీడింగులు రాసి పంపితే, మీ గుంటకు ఎంత బైకార్బనేట్, ఎంత మొలాసిస్ పడుతుందో లెక్కగట్టి చెబుతాను. అప్పటిదాకా ఆ నీళ్లు కాలువలోకి వదలొద్దు.