ఇంగ్లిష్ మీడియం చదివితే నేటివ్ స్పీకరేనా?

కొత్తగా విదేశాలకు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడిగే మాట ఇది: "ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, ఆఫీసులో రోజంతా ఇంగ్లిషే. ఫారంలో నేటివ్ స్పీకర్ అని టిక్ పెట్టొచ్చా?" అవతలివాళ్లు ఏం అడుగుతున్నారో తెలిసేదాకా పెట్టకండి. ఈ ఒక్క మాటతో మూడు వేరువేరు సంగతులు అడుగుతుంటారు. ఒకరికి మీ పసితనం కావాలి, ఒకరికి మీ పాస్‌పోర్టు, ఇంకొకరికి మీ ఇంగ్లిష్ ఏపాటిదో కావాలి.

పసితనం సంగతి ముందు చూద్దాం. మనిషి మొట్టమొదట మాట్లాడడం నేర్చిన భాషే అతని నేటివ్ భాష అని అమెరికన్ భాషావేత్త బ్లూమ్‌ఫీల్డ్ 1933లోనే చెప్పాడు. మన జనగణన కూడా చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాషనే మాతృభాషగా రాసుకుంటుంది. ఆ లెక్కన 2011లో భారతదేశం మొత్తం మీద ఇంగ్లిష్ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 2.6 లక్షలు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు ఎన్ని కోట్లమంది ఉన్నా ఆ అంకెలోకి రారు. బడిలో చదవడం వేరు, అలగడం, అబద్ధాలాడడం, అన్నదమ్ములతో పోట్లాడడం ఆ భాషలోనే చేయడం వేరు. అలాగని నేటివ్ భాష ఒక్కటే ఉండాలని లేదు. మూడేళ్లలోపే రెండు భాషలు చెవిన పడుతూ పెరిగిన పిల్లలకు రెండూ సొంతమే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు చాలామంది అలాంటివాళ్లే.

వయసు ఎంత తేడా చేస్తుందో కిసింజర్ అన్నదమ్ములను చూస్తే తెలుస్తుంది. 1938లో కుటుంబం జర్మనీ వదిలి అమెరికా వచ్చేసరికి హెన్రీకి 15 ఏళ్లు, తమ్ముడు వాల్టర్ అతనికంటే ఏడాది చిన్న. అన్నకు జర్మన్ యాస జీవితాంతం పోలేదు, తమ్ముడికి పోయింది. అయినా యాస ఉన్న ఆ అన్నే అమెరికా విదేశాంగ మంత్రి అయ్యాడు. వ్యాకరణం యాసంత మొండిది కాదు. 2018లో సుమారు 6.7 లక్షలమంది ఆన్‌లైన్ పరీక్ష ఫలితాలు చూసిన పరిశోధకులు, వ్యాకరణం ఒంటబట్టే శక్తి పదిహేడేళ్లు దాటేదాకా బాగానే ఉంటుందని, కానీ పూర్తిగా నేటివ్ స్థాయికి చేరాలంటే పదేళ్ల వయసుకల్లా మొదలుపెట్టాలని అన్నారు. ఇక రాత మాటకొస్తే, పోలిష్ కుటుంబంలో పుట్టి ఇరవైల్లో ఇంగ్లిష్ నేర్చిన జోసెఫ్ కాన్రాడ్ ఇంగ్లిష్ నవలాకారుల్లో పెద్దపీట సంపాదించాడు. ఆయన నోరు విప్పితే మాత్రం యాస గట్టిగా వినబడేదట. కాబట్టి నేటివ్ కాకపోవడానికీ భాష రాకపోవడానికీ సంబంధం లేదు. మనవాళ్లు అనవసరంగా టెన్షన్ పడేది ఇక్కడే.

వీసా ఆఫీసులకు ఈ గొడవేమీ పట్టదు. బ్రిటన్ దగ్గర ఒక దేశాల జాబితా ఉంది. ఆ దేశాల పౌరులకు వీసా కోసం ఇంగ్లిష్ పరీక్ష అక్కర్లేదు. ఇళ్లలో ఎక్కువగా మాల్టీస్ మాట్లాడే మాల్టా అందులో ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం దాదాపు సగంమంది ఇంట్లో ఇంగ్లిషే ఎక్కువ మాట్లాడే సింగపూర్ లేదు. ఇండియా కూడా లేదు. దాన్ని భాష కొలతగా కాక దౌత్యంగా చూడండి, మనసు కష్టపెట్టుకోకండి. మీ డిగ్రీ ఇంగ్లిష్‌లో సాగిందని, విదేశీ చదువులను బేరీజు వేసే బ్రిటన్ సంస్థ యూకే ఎనిక్ ధ్రువీకరిస్తే చాలా వీసాలకు పరీక్ష తప్పుతుంది. ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాలకు బ్రిటన్, అమెరికా, కెనడా, న్యూజిలాండ్, ఐర్లాండ్ పాస్‌పోర్టు ఉంటే కనీస స్థాయి ఉన్నట్టే లెక్క, వీసా లెక్కలో భాషకు అదనపు పాయింట్లు కావాలంటే వాళ్లూ పరీక్ష రాయాలి. నాకు నచ్చింది కెనడా పద్ధతి: నైపుణ్యం ఉన్నవాళ్లు అక్కడ స్థిరపడేందుకు దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి లండన్‌లో పుట్టినవాడైనా సరే పరీక్ష రాయాల్సిందే. ఇలాంటి ఇంగ్లిష్ పరీక్షల్లో ఒకటైన ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, తొందరపడి ముందే రాసి పెట్టుకోకండి.

ఉద్యోగాల దగ్గర అడిగేది మూడోది, అంటే సామర్థ్యం. లింక్డ్‌ఇన్‌లో పైమెట్టు పేరు 'నేటివ్ ఆర్ బైలింగ్వల్'. అక్కడ పుట్టుక ప్రశ్న లేదు, పని ఇంగ్లిష్‌లో ఏ ఇబ్బందీ లేకుండా సాగుతుంటే నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. వినయంతో ఒక మెట్టు దిగి రాసేవాళ్లను చూస్తుంటాను, దానివల్ల ఒరిగేదేమీ లేదు. అదే దరఖాస్తులో 'మీ మాతృభాష' అని విడిగా అడిగితే మాత్రం తెలుగే రాయాలి. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. ఉద్యోగంలో చేయాల్సిన పనికి యాస నిజంగా అడ్డొస్తే తప్ప దాన్ని సాకుగా చూపి ఉద్యోగం నిరాకరించకూడదు. మాట అర్థం కావట్లేదని అంటే యాస మార్చుకునే కోర్సులకు డబ్బు పోయకండి. పదంలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో చూసుకుని, కాస్త నిదానంగా మాట్లాడితే చాలావరకు సరిపోతుంది.

ఇక అసలు తలనొప్పి పిల్లల బడిలో. అమెరికాలో చేర్పించేటప్పుడు ఇంటి భాష గురించి ఒక ఫారం ఇస్తారు: బిడ్డ మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఏది మాట్లాడతారు అని. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెట్టి ప్రత్యేక క్లాసులో వేస్తారని భయపడి, కొందరు ఇంగ్లిష్ మాత్రమే అని రాసేస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. పిల్లవాడికి ఇంగ్లిష్ బాగా వస్తే ఆ పరీక్ష దాటేస్తాడు, అక్కడితో అయిపోతుంది. రాకపోతే దొరికేది ఉచిత సాయం, శిక్ష కాదు. అయినా ఆ క్లాసు వద్దనుకుంటే తల్లిదండ్రులు నిరాకరించవచ్చు. అయితే బిడ్డ ఆ స్థాయి దాటేదాకా ఏటా పెట్టే పరీక్ష మాత్రం తప్పదు. ఆ ఫలితాల కాగితం ఇంటికి వస్తే చదివి, ఏ విభాగంలో తగ్గిందో టీచర్‌ను అడగండి.