ట్యూషన్‌లో చేర్పించే ముందు పాప నోటుబుక్కు చూడు

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "ఇంటర్‌లో పాప క్లాసులో సగం మంది కోచింగ్‌కి వెళ్తున్నారు మావయ్యా, మన పాపని కూడా శ్రీకాకుళంలో చేర్పించేద్దామా" అన్నావు. వద్దని నేననను, సరేనని కూడా ఇప్పుడే అనలేను. పాప ఎక్కడ ఆగిపోతోందో తెలుసుకోకుండా కట్టే ఫీజు మాత్రం దండగ. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

అది తెలుసుకోవడానికి నీకు ఫిజిక్స్ రానక్కర్లేదు. ఒక సాయంత్రం పాప పక్కన కూర్చో. పుస్తకంలో సాధించి ఇచ్చిన లెక్క ఒకటి తీయించి, జవాబు మీద కాగితం కప్పి చెయ్యమను. అరగంట ఏమీ మాట్లాడకు, ఫోన్ చూడకు. పెన్ను ఎక్కడ ఆగిందో అది ఒక్కటే చూడు. ప్రశ్న చదవగానే ఆగిపోతే పాపకి ఇంగ్లిష్‌లో ప్రశ్న అర్థం కావడం లేదు. తెలుగు మీడియంలో పది పాసై వచ్చిన పిల్లలందరికీ మొదట్లో ఈ ఇబ్బంది ఉంటుంది. ప్రశ్న అర్థమై, బొమ్మ గీయలేక ఆగిందనుకో, విషయమే తలకెక్కలేదన్నమాట. బొమ్మా గీసి, సూత్రమూ రాసి, ఆ తర్వాత కూడికలు తీసివేతల్లో, భిన్నాల్లో, గుర్తుల్లో తప్పుతోందంటే లోపం పదో తరగతి లెక్కల్లో ఉంది. ఈ మూడింటికీ మందు వేరు. మూడో రకానికి ఏ కోచింగ్ సెంటరూ మందు వెయ్యదు, ఎందుకంటే అక్కడ పదో తరగతి లెక్కలు ఎవరూ చెప్పరు. పదో తరగతి లెక్కల పుస్తకం అటక మీంచి దింపి రోజూ అరగంట చేయిస్తే నెలా రెండు నెలల్లో సర్దుకుంటుంది. ఆ పుస్తకం అమ్మేయలేదు కదా?

క్వార్టర్లీలో ఫిజిక్స్ తగ్గిందన్నావు కాబట్టి ఒక ఉదాహరణ చెప్తాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో వాలుతలం మీద దిమ్మ జారే లెక్క ఒకటుంటుంది. దిమ్మ బరువుని రెండు ముక్కలు చెయ్యాలి, వాలు వెంట ఒకటి, వాలుకి లంబంగా ఒకటి. ఒకదానికి సైన్ తీటా, ఇంకోదానికి కాస్ తీటా రాయాలి. ఏది ఎక్కడ రాయాలో చాలామంది పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో తారుమారు చేస్తారు. నేనైతే పిల్లని బోర్డు దగ్గరికి పిలిచి, "కోణం సున్నా అనుకో అమ్మా. బల్ల చదునుగా ఉంది. దిమ్మ తనంతట తాను జారుతుందా?" అని అడుగుతాను. జారదు అంటుంది. "అయితే వాలు వెంట ఉండే ముక్క సున్నా కావాలి. సైన్ సున్నా ఎంత, కాస్ సున్నా ఎంత?" సైన్ సున్నా అంటే సున్నా, కాస్ సున్నా అంటే ఒకటి. "మరి వాలు వెంట ఏది రాస్తావు?" అంతే, ఆ పిల్ల జన్మలో మళ్లీ తప్పు రాయదు. దీనికి పట్టేది ఐదు నిమిషాలు. కానీ ఆ పిల్ల తప్పు రాసిందని చూసేవాడు ఒకడు ఉండాలి. వంద మంది కూర్చున్న హాల్లో బోర్డు మీద లెక్క చకచకా చేసేస్తుంటే, మన పాప తలవంచుకుని ఎక్కించుకుంటుంది. నోటుబుక్కు చూస్తే లెక్కలన్నీ కరెక్టుగా ఉంటాయి. పరీక్షలో మాత్రం రావు. ఇంట్లో వాళ్లేమో "ఇంత ఖర్చు పెడుతున్నాం, అయినా మార్కులు రావట్లేదు" అని పిల్లని అంటారు.

అందుకే ట్యూషన్ అంటే నా దృష్టిలో పిల్ల రాసింది చూసే మనిషి. అలాంటి మాస్టారు ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టుకుని చెప్పినా సరే, పెద్ద సెంటర్లో చెప్పినా సరే, డబ్బు కట్టొచ్చు. ఆ మనిషి లేకపోతే ఏసీ హాలున్నా, డిజిటల్ బోర్డున్నా ప్రయోజనం సున్నా.

ఇంకొకటి. బయట వెతికే ముందు పాప కాలేజీకి ఒకసారి వెళ్లావా? ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్లంటే మన ఊళ్లలో ఎందుకో చిన్నచూపు. పీజీ చేసి, పోటీలో నెగ్గి వచ్చిన వాళ్లు. తల్లిదండ్రులు వచ్చి "మా పిల్లకి ఈ చాప్టర్ రావట్లేదండీ" అని అడిగితే కాదనేవాళ్లని నేను తక్కువ చూశాను. అడిగేవాళ్లే రారు. లెక్చరరు పోస్టు ఖాళీగా ఉండి సబ్జెక్టు చెప్పేవాళ్లే లేకపోతే అది వేరు సంగతి. అప్పుడు ఆ ఒక్క సబ్జెక్టుకి ట్యూషన్ తప్పనిసరి, ఆలస్యం చెయ్యకు. కానీ ఒక సబ్జెక్టు కోసం నాలుగు సబ్జెక్టుల ప్యాకేజీ కొనొద్దు. నరసన్నపేటలోనే ఫిజిక్స్ చెప్పే మాస్టారు ఎవరైనా దొరుకుతారేమో ముందు కనుక్కో.

ఎందుకంటే శ్రీకాకుళం రావడమంటే దూరం మాట. కాలేజీ వదిలేసరికి సాయంత్రం అవుతుంది. అక్కడి నుంచి బస్సెక్కి ఇక్కడికొచ్చి, రెండు గంటలు క్లాసు విని, మళ్లీ బస్సు పట్టుకుని నరసన్నపేటలో దిగి, ఊళ్లోకి ఆటో దొరికి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, పది. అన్నం తిని పడుకుంటుంది. మరి పాప సొంతంగా లెక్క చేసేదెప్పుడు? విన్నది వంటబట్టాలంటే ఒంటరిగా కూర్చుని చెయ్యాలి. ఒక గంట క్లాసు వింటే కనీసం ఒక గంట సొంత చదువు ఉండాలని నేను పిల్లలకి చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే చెప్తాను. పాపకి రోజులో ఆ గంట మిగలకపోతే కోచింగ్ మాట మర్చిపో. పొద్దున్న ఐదున్నర బ్యాచ్ అని కూడా ఉంటుంది, దానికోసం నాలుగింటికి లేపుతారు. పదహారేళ్ల పిల్లకి నిద్ర చాలకపోతే కాలేజీలో కునికిపాట్లు పడుతుంది. అప్పుడు కోచింగూ పోయింది, కాలేజీ పాఠమూ పోయింది.

ఇక పాప ఏం చదవాలనుకుంటోందో అడిగావా? కోచింగ్ ఎంత కావాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడలోనో, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలోనో సీటు కావాలంటే మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు చాలు. ఆ పరీక్ష 160 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కు కోత లేదు. ప్రశ్నకి నిమిషం పైన కాస్త సమయం, అంతే. పాఠం వచ్చిన పిల్లకి అక్కడ కావలసింది వేగం, అది పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేస్తే వస్తుంది. పైగా ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. కోచింగ్ మోజులో కాలేజీ ఎగ్గొట్టే పిల్లలు ఈ 25 శాతం దగ్గరే దెబ్బతింటారు. ఈఏపీసెట్‌కి నేను చెప్పేది ఇదీ: రెండేళ్ల కోచింగ్ వద్దు. రెండో సంవత్సరం పబ్లిక్ పరీక్షలు మార్చిలో అయిపోయాక, మధ్యలో దొరికే వారాల్లో మంచి చోట క్రాష్ కోర్సు. అప్పుడు కాలేజీ ఉండదు, పొద్దుటే వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోవచ్చు. కావాలంటే ఆ వారాలు మా ఇంట్లోనే ఉంచు, మీ అత్తయ్య ఎప్పటినుంచో అంటోంది.

ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి చోట్ల సీటు కోసం దేశమంతా రాసే జేఈఈ సంగతి వేరు. మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకి ఒక మార్కు పోతుంది. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు. అందులో పైనున్న రెండున్నర లక్షల మందికే ఐఐటీ సీట్ల కోసం పెట్టే రెండో పరీక్ష, అడ్వాన్స్‌డ్, రాసే అవకాశం. ఆ ప్రశ్నల తీరు ఇంటర్ పబ్లిక్ పరీక్షలా ఉండదు, కాబట్టి దానికి ప్రత్యేకంగా చెప్పేవాళ్లుంటే లాభమే. కానీ అది పిల్లకి కోరిక ఉంటేనే. ఎవరూ చెప్పకుండా కష్టమైన లెక్క పట్టుకుని గంటసేపు తిప్పలు పడే పిల్లని ఐఐటీ బ్యాచ్‌లో వేస్తే పైకొస్తుంది. భిన్నాల దగ్గరే తడబడే పిల్లని అదే బ్యాచ్‌లో వేస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది. మన పాప ఏ రకమో నీకంటే తనకే బాగా తెలుసు. తల్లి చేత మెల్లగా అడిగించు, నువ్వు అడిగితే నీకు నచ్చే జవాబు చెప్తుంది.

ఇంత చూశాక కూడా చేర్పించాలనే అనిపిస్తే, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఫ్లెక్సీలు చూసి నిర్ణయించుకోకు. ఆ ర్యాంకు వచ్చిన అబ్బాయి అక్కడ రెండేళ్లు చదివాడో, చివర్లో టెస్టులు మాత్రమే రాశాడో బొమ్మ చెప్పదు. ప్రకటనల్లో ఆ వివరం దాచకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిబంధన కూడా పెట్టింది, కాబట్టి మొహమాటపడకుండా అడుగు. బ్యాచ్‌లో ఎంతమంది, డెమో క్లాసు చెప్పిన సారే ఏడాదంతా చెప్తారా, టెస్టు పేపరు దిద్ది ఎన్ని రోజుల్లో ఇస్తారు, తప్పులు ఎవరు కూర్చోబెట్టి చెప్తారు, ఇవన్నీ అడుగు. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషిని అడిగినవే బయటికొచ్చే పిల్లల్ని కూడా అడుగు, అసలు జవాబు వాళ్ల దగ్గర దొరుకుతుంది. పాపని వారం రోజులు కూర్చోనివ్వమను. ఆ వారం తర్వాత నోటుబుక్కులో ఎర్ర పెన్ను గుర్తు ఒక్కటైనా కనబడకపోతే అక్కడితో ఆపేయ్.

డబ్బు దగ్గర కాస్త గట్టిగా ఉండు, అల్లుడూ. ఏడాది ఫీజు ఒక్కసారి కడితే తగ్గిస్తామంటారు. కట్టకు, వాయిదాల్లో కట్టు, ప్రతి వాయిదాకీ రసీదు తీసుకో. పెద్ద సెంటర్లు ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి, చెప్పిన అంకెలో అది కలిసిందో లేదో ముందే తేల్చుకో. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది. పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగ్గ డబ్బు పది రోజుల్లో తిరిగివ్వాలి. ర్యాంకు గ్యారంటీ అనకూడదు. రోజుకి ఐదు గంటలకి మించి క్లాసులుండకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మర్నాడు టెస్టు పెట్టకూడదు. ఇవి అన్నిచోట్లా అమలవుతున్నాయని నేననను, అయినా ఆ కాగితం సంగతి నీకు తెలుసని వాళ్లకి తెలిస్తే మాట్లాడే తీరు మారుతుంది. తేడా వస్తే 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైను.

కోచింగ్ కోసం మాత్రం అప్పు చెయ్యకు. పంట మీద వచ్చేదాన్నిబట్టి చూసుకో. పాపకి రేపు నిజంగా డబ్బు కావలసింది ఇంజినీరింగ్‌లో, హాస్టల్‌కీ, ల్యాప్‌టాప్‌కీ.

విశాఖ రెసిడెన్షియల్ కాలేజీ మాట కూడా మీ ఇంట్లో నడుస్తోందని విన్నాను. పాప తనంతట తాను అడిగితే ఆలోచిద్దాం. అడగకపోతే వద్దు. కష్టమొచ్చినా నోరు విప్పని పిల్ల. ఇంట్లో ఉన్నా సరే, అన్నం తగ్గించినా, స్నేహితులతో మాట మానేసినా మార్కుల సంగతి పక్కనపెట్టి పిల్లతో కూర్చో. మనసులో బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ 14416 నంబరు ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాపకి కూడా ఆ నంబరు తెలిసుంటే మంచిది.

ఖర్చులేని దారి ఒకటి చెప్తాను. ఐఐటీ కాన్పూర్ వాళ్లు కేంద్ర విద్యాశాఖతో కలిసి సాథీ అనే వెబ్‌సైటు నడుపుతున్నారు, జేఈఈ, నీట్ పాఠాలూ టెస్టులూ ఉచితం. ఫోన్ నీ దగ్గరే పెట్టుకో, పాప చదివే గంటకి ఇచ్చి మళ్లీ తీసుకో.

ఈ ఆదివారం పాపని మా ఇంటికి పంపు. ఫిజిక్స్ నోటుబుక్కు, క్వార్టర్లీ జవాబు పేపరు, ఆ పదో తరగతి లెక్కల పుస్తకం తెమ్మను. జవాబు పేపరు దాచేస్తుందేమో, ఎన్ని వచ్చినా మావయ్య తాతయ్య ఏమీ అనడని చెప్పు. లెక్క ఎక్కడ ఆగుతోందో నేను చూసి, ఏ సబ్జెక్టుకి ఎవరి దగ్గర చేర్పించాలో, అసలు అక్కర్లేదో సాయంత్రానికి నీకు ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. తిరుగు బస్సు నేనే ఎక్కిస్తాను.

ఇంట్లో అందరికీ ఆశీస్సులు.

మీ మావయ్య