తెర మీద చూస్తే నాటకం చూసినట్టేనా?

ప్రశ్న: లండన్ నాటకాలను సినిమా హాళ్లలో వేస్తున్నారు కదా, అది నాటకమా, సినిమానా? పైగా షేక్‌స్పియర్ పాత్రలకు సూట్లు, తుపాకులు ఏంటండీ?

జవాబు: నాటకమే. టేకుల మీద టేకులు ఉండవు, జనం నిండిన హాల్లో ఆడుతున్న ఆటను చాలా కెమెరాలతో పట్టి పంపిస్తారు. లండన్ నేషనల్ థియేటర్ దీన్ని 2009 జూన్‌లో, హెలెన్ మిరెన్ నటించిన 'ఫెద్ర'తో మొదలుపెట్టింది. చివరి వరసలో కూర్చుంటే జన్మలో కనిపించని కంటితడి తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది, అది లాభం. కానీ ఎటు చూడాలో మన బదులు కెమెరా నిర్ణయిస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే వింటున్నవాడి ముఖం చూడాలని నాకు ఆశ, సరిగ్గా అప్పుడే షాట్ మారిపోతుంది!

ఇక సూట్లంటారా, 2018లో లండన్ బ్రిడ్జ్ థియేటర్‌లో దర్శకుడు నికొలస్ హైట్నర్ వేసిన 'జూలియస్ సీజర్' రాక్ బ్యాండ్ హోరుతో మొదలవుతుంది, టికెట్ కొన్నవాళ్లలో కొందరు నటుల చుట్టూ నిలబడి, తెలియకుండానే రోమ్ గుంపైపోతారు, సీజర్‌ని కత్తులతో కాదు, తుపాకులతో చంపుతారు. మీకు నచ్చకపోవచ్చు, నాకైతే ఒళ్లు జలదరించింది. అయినా షేక్‌స్పియర్ కాలంలోని నటులు మాత్రం? రోమన్ కథకి కూడా చాలావరకు తమ కాలపు బట్టలే వేసుకున్నారు.