లూసిటేనియా పతకం: జర్మనీదా, విరాళాల నకలా?

లూసిటేనియా మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గామి ముంచేసిన బ్రిటన్ ప్రయాణికుల ఓడ. కర్నూలు వన్ టౌన్‌లో పాత సామాను కొట్లో దొరికిన ఆ ఓడ పతకం జర్మనీలో చేసిందా, బ్రిటన్‌లో విరాళాల కోసం అమ్మిన నకలా అని అడిగారు. ఓడ మునుగుతున్న వైపు తిప్పి, అడుగున తేదీని భూతద్దంతో చూడండి. నెల పేరు చివర ఇంగ్లీషు 'వై' ఉంటే బ్రిటన్ నకలు. 'ఐ' ఉంటే జర్మన్ స్పెల్లింగ్, కాస్త ఆశ పెట్టుకోవచ్చు.

ఓడ మునిగింది 1915 మే 7న. మ్యూనిక్ శిల్పి కార్ల్ గోయెట్జ్ పొరపాటున 5 అని వేశాడు, తర్వాత దిద్దాడు. ఆలోగా బ్రిటన్ ఆ తప్పును పట్టుకుని, ఓడను ముంచకముందే జర్మన్లు పతకం పోసుకున్నారని ప్రచారం చేసింది. నకళ్లను కరపత్రంతో పెట్టెలో పెట్టి ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మారు. 2,50,000 దాకా పోయాయని అంచనా. డబ్బు రెడ్‌క్రాస్‌కూ, యుద్ధంలో చూపు పోయినవాళ్ల సెయింట్ డన్‌స్టన్స్ హాస్టల్‌కూ వెళ్లింది. కాబట్టి నకలని చిన్నచూపు వద్దు, విరాళాల పతకాలు సేకరించేవాళ్లకు కావలసింది అదే. అరుదైనది మాత్రం కాదు. విలువంతా పెట్టె, కరపత్రాల్లోనే. అవి లేని ఉత్త పతకానికి సెట్టు ధర ఇవ్వకండి.

అయస్కాంతం సగం పరీక్షే. నకళ్లు ఇనుమువి, అతుక్కుంటాయి. గోయెట్జ్‌వి ఎక్కువగా కంచువి, కానీ కొన్ని ఇనుముతోనూ పోశాడు. అంచు మీద అతని పేరుందేమో చూడండి. ఈమధ్య పోసినవీ తిరుగుతున్నాయి. ఉన్న పతకం నుంచే అచ్చు తీస్తే లోహం చల్లారి కుంచించుకుంటుంది, వ్యాసం పిసరంత తగ్గుతుంది. వెనకవైపు బొమ్మలో టికెట్లమ్మే అస్థిపంజరం వేళ్లు మొద్దుబారి కనిపిస్తాయి.

చింతపండు, పీతాంబరి జోలికి మాత్రం పోవద్దు! ఇత్తడి బిందె కాదిది. పులుపుకు పైనున్న నల్లటి పూత పోతే ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. తుప్పు చుక్క ఉంటే అగ్గిపుల్ల మొనతో కుట్టుమిషన్ నూనె ఒక్క బొట్టు అద్ది, ఒక రోజు ఆగి, మెత్తటి గుడ్డతో తుడవండి. పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు జిగురెక్కి లోహాన్ని తింటాయి. మైలార్ (పాలియెస్టర్ రకం) కవర్లో వేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. ఎండాకాలం మన దగ్గర భయం లేదు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పొట్లం మారుస్తుండాలి. పాత పెట్టె, కరపత్రం విడిగా దాచండి, తుప్పు మరక కాగితానికి పడితే పోదు.

విదేశాల వాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే, వందేళ్లు దాటిన వస్తువు కనుక 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. పురావస్తు శాఖను అడగకుండా పార్శిల్ కట్టకండి.