తెలుగునాట రోమన్ నాణేలు ఎందుకు దొరుకుతున్నాయి? రోమన్లు ఇక్కడ పాలించారా?

పాలించలేదు, ఆ నాణేలు వ్యాపారం వల్ల వచ్చాయి. మిరియాలు, సన్నని నూలు బట్టలు, రత్నాల కోసం రోమన్ సామ్రాజ్యపు వర్తకులు ఎర్రసముద్రం మీదుగా ఓడల్లో దక్షిణ భారతానికి వచ్చేవారు. సరుకుకు బదులుగా వెండి, బంగారు నాణేలు ఇచ్చేవారు.

18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతు నాగలి పాత గుడి ఇటుకలకు తగిలింది. కింద ఒక కుండ, అందులో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల బంగారు నాణేలు! పాపం, చాలావరకు కరిగించేశారు.

రోమన్ నాణెం కనిపిస్తే అక్కడ రోమన్లు కాపురమున్నారనుకోవడం పొరపాటే. ఇక్కడివాళ్లు వాటిని ఎక్కువగా లోహం విలువకే తీసుకున్నారు. బహుశా అందుకే దక్షిణాదిలో దొరికిన కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు కూడా ఉంటుంది.